ఎన్‌లార్జర్ కింద పెట్టే మీటరు: ఏది కొనాలి, కొన్నాక ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏడాదిగా సొంత డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్‌తో (నెగటివ్‌ను పెద్దది చేసి పేపరు మీద వెలుగుగా వేసే యంత్రం) ప్రింట్లు చేస్తున్నారు. 35 ఎంఎం నెగటివ్‌లు ఎక్కువ, 6×6 కొన్ని. పేపరు మల్టీగ్రేడ్ ఆర్‌సీ, అంటే ఫిల్టర్ మార్చి కాంట్రాస్టు మార్చుకోగల, ప్లాస్టిక్ పూత ఉన్న రకం. టెస్ట్ స్ట్రిప్‌లు (సమయం తేల్చడానికి వేసే పరీక్ష పట్టీలు), తప్పిన ప్రింట్లు కలిపి ఒక్కో మంచి ప్రింటుకు నాలుగైదు షీట్లు పోతున్నాయి. ఎక్స్‌పోజర్‌తో పాటు కాంట్రాస్టు గ్రేడు (తెలుపు నలుపుల తేడా ఎంత గట్టిగా రావాలో చెప్పే అంకె, 00 అన్నిటికన్నా మెత్తన, 5 అన్నిటికన్నా గట్టి) కూడా చెప్పే మీటరు కొంటే ఈ వృథా తగ్గుతుందా? పాత సూది మీటరు చాలా, ప్రింటు ఛాయలను ముందే చూపే కొత్త ఎనలైజర్ కావాలా?

తగ్గుతుంది. నా దగ్గర ఇప్పుడు కొత్త నెగటివ్‌కు సగటున రెండు షీట్లు సరిపోతున్నాయి. అయితే మీటరు కొన్న రోజున అలా జరగలేదు. కొన్న మొదటి నెలంతా ఎక్కువే పోయాయి, ఎందుకంటే మీటరుకు నా పేపరు గురించి ఏమీ తెలియదు. పేపరు ఎంత వెలుగుకు ఎంత నల్లబడుతుందో దానికి మనమే నేర్పాలి. నేర్పింది మాత్రమే అది తిరిగి చెబుతుంది. అందుకే ఎవరు అడిగినా నేను ఫీచర్ల పట్టిక చూడమని చెప్పను. రెండే చూడమంటాను: మసక వెలుగులో అది నిజం చెబుతుందా, మీ పేపరు లక్షణాలు దానికి తేలిగ్గా నేర్పగలరా.

ముందు మసక వెలుగు సంగతి. బేస్‌బోర్డ్ మీద, అంటే ఎన్‌లార్జర్ కింద పేపరు పెట్టే పలక మీద, పడే వెలుగు ఎంత తక్కువో చాలామందికి అంచనా ఉండదు. ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్ 4 ఆర్‌సీ పేపరు స్పీడు 00 నుంచి 3½ వరకు ఫిల్టర్లతో ఐఎస్‌ఓ పీ 200; 4, 5 నంబరు ఫిల్టర్లతో పీ 100. వెయ్యిని ఆ అంకెతో భాగిస్తే మధ్యస్థంగా ఉండే బూడిద రంగు రావడానికి ఎన్ని లక్స్-సెకన్లు (వెలుగు కొలత అయిన లక్స్‌ను సెకన్లతో గుణించినది) కావాలో వస్తుంది. పీ 200కు అది 5. మీరు 20 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే ఆ చోట పడుతున్న వెలుగు పావు లక్స్. ఇక ప్రింటులో తెల్లగా రావలసిన చోటు, అంటే నెగటివ్‌లో దట్టంగా ఉన్న చోటు, అంతకన్నా మరో రెండు స్టాపులు తక్కువ (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగం కావడం). లక్స్‌లో పదహారో వంతు! గదుల్లో వెలుతురు కొలిచే మామూలు లక్స్ మీటర్లలో చాలావరకు 0.1 లక్స్ కన్నా చిన్న అంకె చూపలేవు. అంటే ప్రింటు బాగుందా లేదా అనేది తేలే చోటే అవి సున్నా చూపిస్తాయి. ఫోన్ యాప్‌లూ అంతే. పైగా ఫోన్ తెర వెలుగు పేపరును పొగబారుస్తుంది. డార్క్‌రూమ్‌లోకి దాన్ని తీసుకెళ్లకండి.

కాబట్టి ఎన్‌లార్జర్ కోసమే తయారైన మీటరు కావాలి. పాతవాటిలో సెన్సర్ ఎక్కువగా క్యాడ్మియం సల్ఫైడ్, కొత్తవాటిలో సిలికాన్ ఫోటోడయోడ్. క్యాడ్మియం సల్ఫైడ్‌కు జ్ఞాపకం ఎక్కువ. దీని వల్ల నేను పడ్డ ఇబ్బంది చెబుతాను. నా మొదటి మీటరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న సూది మీటరు. లెన్స్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసేవాణ్ని, అప్పుడు సెన్సర్ బేస్‌బోర్డ్ మీదే ఉండేది. తర్వాత లెన్స్ మూడు స్టాపులు మూసి వెంటనే రీడింగ్ తీసేవాణ్ని. ప్రింట్లు వరసగా పాలిపోయి వచ్చేవి. ఒక సాయంత్రం ఊరికే సూదిని చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం పాటు అది మెల్లగా కిందికి దిగుతూనే ఉంది, దాదాపు అర స్టాపు. అంతకుముందు చూసిన వెలుగు ప్రభావం ఇంకా పోకముందే నేను అంకె రాసుకుంటున్నానన్నమాట. ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగు చూపింది, నేను తక్కువ సమయం ఇచ్చాను. ఆ తర్వాత ఫోకస్ చేసేటప్పుడు సెన్సర్‌ను బోర్లించి పెట్టడం, మూసిన లెన్స్ కింద ఒక నిమిషం ఆగి చదవడం అలవాటు చేసుకున్నాను. అదే మీటరుతో మరో రెండేళ్లు మంచి ప్రింట్లే చేశాను. పాత మీటరు పనికిరాదని కాదు, ఓపిక అడుగుతుంది. సిలికాన్ సెన్సర్‌కు ఈ గొడవ లేదు, అంకె వెంటనే నిలబడుతుంది.

రెండో చిక్కు రంగుతో. మల్టీగ్రేడ్ పేపరు నీలం, ఆకుపచ్చ వెలుగులనే చూస్తుంది. ఆకుపచ్చ ఎక్కువైతే మెత్తగా, నీలం ఎక్కువైతే గట్టిగా వస్తుంది. పసుపు ఫిల్టర్ నీలాన్ని ఆపుతుంది, మెజెంటా ఆకుపచ్చను ఆపుతుంది. మీటరు సెన్సర్ పేపరు చూసినట్టు చూడదు. సిలికాన్ అయితే ఎరుపుకూ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌కూ ఇంకా ఎక్కువగా స్పందిస్తుంది. మెజెంటా ఫిల్టర్ ఎరుపును ధారాళంగా వదులుతుంది. కాబట్టి ఫిల్టర్ పెట్టి కొలిస్తే మీటరు ఒకటి చెబుతుంది, పేపరు ఇంకోటి చేస్తుంది. ఫిల్టర్ తీసి తెల్ల వెలుగులోనే కొలవండి, ఏ ఫిల్టర్‌కు ఎంత సమయం కలపాలో విడిగా పట్టిక రాసుకోండి. కలర్ హెడ్ (రంగు ఫిల్టర్లు లోపలే ఉన్న ఎన్‌లార్జర్ దీపపు పెట్టె) అయితే మూడు డయల్‌లూ సున్నాకు తిప్పండి. అలాగే కొలిచేటప్పుడు సేఫ్‌లైటు (పేపరును పాడుచేయని డార్క్‌రూమ్ మసక దీపం) ఆర్పేయండి. పదహారో వంతు లక్స్ దగ్గర సేఫ్‌లైటు వెలుగే రీడింగ్‌లో సగం కావచ్చు.

ఇక రకాలు. అన్నిటికన్నా సరళమైనది పోల్చి చెప్పే మీటరు. ఇల్‌ఫోర్డ్ ఈఎం10 ఆ కోవకు చెందినదే. మీకు నచ్చిన ప్రింటు ఒకటి చేసి, ఆ నెగటివ్ వెలుగులో ఒక చోట సెన్సర్ పెట్టి ఆకుపచ్చ దీపం వెలిగేదాకా డయల్ తిప్పి వదిలేస్తారు. తర్వాత వేరే నెగటివ్‌నో, వేరే సైజునో వేసినప్పుడు అదే దీపం వెలిగేదాకా లెన్స్ మూస్తారు లేదా తెరుస్తారు. సమయం మారదు. ప్రింటు సైజు మార్చినప్పుడు దీనికి సాటిలేదు. ఎనిమిది రెట్ల నుంచి పన్నెండు రెట్లకు పెంచితే వెలుగు సగానికి కొంచెం తక్కువకు పడిపోతుంది, ఆ లెక్క మీరు చేయనక్కర్లేదు. దీనితో కాంట్రాస్టు కూడా కొలవచ్చు, కాకపోతే చుట్టు దారి. తెల్లటి చోట ఒకసారి, నల్లటి చోట ఒకసారి దీపం వెలిగేలా డయల్ తిప్పి రెండు అంకెల తేడా చూడాలి. ఆ తేడా ఎన్ని స్టాపులకు సమానమో ముందుగా మీరే పరీక్షించి రాసి పెట్టుకోవాలి. ఆకుపచ్చ దీపం మల్టీగ్రేడ్ పేపరుకు పడదు కాబట్టి పేపరు బయటికి తీసే ముందు మీటరు ఆఫ్ చేయాలి.

దాని పైమెట్టు, చిన్న చోటును కొలిచి నేరుగా స్టాపుల్లో అంకె చూపే మీటర్లు. డార్క్‌రూమ్ ఆటోమేషన్ వారిది ఈ రకం. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం, ఎందుకంటే అన్నీ స్టాపుల్లో ఆలోచిస్తే తీసివేత తప్ప వేరే లెక్క ఉండదు. ఆ పైన ఆర్‌హెచ్ డిజైన్స్ వారి జోన్‌మాస్టర్, ఎనలైజర్ ప్రో లాంటివి. మీరు ఒక్కో చోటు కొలుస్తూ పోతే ప్రింటులో అది ఏ బూడిద ఛాయగా వస్తుందో ఛాయల వరస పక్కన దీపాలతో చూపిస్తాయి. ఎనలైజర్ ప్రోలో టైమరు కూడా కలిసే ఉంటుంది. ఇక హైలాండ్ స్ప్లిట్‌గ్రేడ్ లాంటి వ్యవస్థలు కొలిచి, ఫిల్టర్లను కూడా తామే నడిపిస్తాయి. రోజూ ఎక్కువ ప్రింట్లు చేసేవారికి అవి మంచివే. మీ స్థాయికి ఇప్పుడే అవసరం లేదు. లెన్స్ కింద వెలుగును కలగలిపే డిఫ్యూజర్ పెట్టి చిత్రం మొత్తం సగటు తీసే మీటర్లు కూడా దొరుకుతాయి. ఒకే రకం వెలుగులో తీసిన రోలు మొత్తానికి ప్రూఫులు వేయడానికి బాగుంటాయి. మంచు, రాత్రి దృశ్యం లాంటివి వస్తే తప్పుతాయి, కాంట్రాస్టు ఎటూ చెప్పలేవు. అవి వద్దు.

ఇప్పుడు మీరు అసలు అడిగింది, కాంట్రాస్టు. మీటరు గ్రేడు ఎలా చెబుతుందో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. పేపరు తెలుపు నుంచి నలుపు దాకా వెళ్లడానికి ఎంత వెలుగు తేడా కావాలో చెప్పే అంకెను ఐఎస్‌ఓ ఆర్ అంటారు. మల్టీగ్రేడ్ 4 ఆర్‌సీకి 00 ఫిల్టర్‌తో అది 180, 0తో 160, 1తో 130, 2తో 110, 3తో 90, 4తో 60, 5తో 40. ముప్పై అంటే ఒక స్టాపు. కాబట్టి రెండో గ్రేడు మూడున్నర స్టాపులు దాటిన తేడాను పట్టుకుంటుంది, మూడో గ్రేడు సరిగ్గా మూడు స్టాపులు, అయిదో గ్రేడు ఒకటింబావు కన్నా కాస్త ఎక్కువ. బేస్‌బోర్డ్ మీద నల్లటి చోటుకూ తెల్లటి చోటుకూ తేడా కొలిచి, ఏ గ్రేడుతో సరిపోతుందో చూడటమే మీటరు చేసే పని. నెగటివ్ ఎంత దట్టంగా ఉందో డెన్సిటోమీటర్‌తో కొలవడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే వెలుగును అద్దాలతో కూడగట్టే కండెన్సర్ హెడ్ వల్ల పెరిగే కాంట్రాస్టు, లెన్స్ ఫ్లేర్ (లెన్స్‌లో చెదిరే వెలుగు) వల్ల తగ్గే కాంట్రాస్టు రెండూ ఆ కొలతలోకి వచ్చేస్తాయి.

ఒక ప్రింటు చూద్దాం. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నెగటివ్. తెల్ల చొక్కా కాలరు మీద వెలుగు పడుతోంది, నల్ల కోటు, సగం నీడలో ముఖం. కాలరు మీద, కుట్టు కనపడే చోట, సెన్సర్ పెట్టాను: 2.1. కోటు మడత లోపల: 5.4. తేడా 3.3 స్టాపులు, ఆర్ లెక్కలో సుమారు 100. పైన చెప్పిన అంకెల ప్రకారం రెండున్నర గ్రేడు. కానీ ఐఎస్‌ఓ లెక్కలో తెలుపు అంటే దాదాపు ఉత్త పేపరు, నలుపు అంటే గరిష్ఠ నలుపులో 90 శాతం. కాలరు కుట్టు కనపడాలంటే అంత తెలుపు పనికిరాదు, మడత కనపడాలంటే అంత నలుపు పనికిరాదు. నా పేపరు మీద నేను పరీక్షించి చూసుకున్నదాని ప్రకారం వివరం కనపడే పరిధి ఆర్ అంకె కన్నా దాదాపు 0.4 స్టాపు తక్కువ. అంటే 3.3కు సరిపోయేది రెండో గ్రేడు. అదే వేశాను.

కాలరు కుట్టు కనిపించింది, కోటు మడత కనిపించింది. ముఖం మాత్రం బూడిద పూసినట్టు ఉంది. తప్పు మీటరుది కాదు. కోటు లోపలి మడత కనపడాలని నేను అడిగాను, అది కనపడేలా గ్రేడు ఇచ్చింది. ఆ మడత ఎవరికి కావాలి? ఈసారి కోటు భుజం మీద వెలుగు తగిలే చోట కొలిచాను: 4.8. కాలరుతో తేడా 2.7, మూడో గ్రేడు. మడత నల్లగా పోయింది, చెంప మీద ముడతలకు ప్రాణం వచ్చింది. రెండో షీటుకే పని అయిపోయింది. అందుకే గ్రేడు చెప్పే మీటరు కొనేటప్పుడు సెన్సర్ రంధ్రం ఎంత చిన్నదో చూడమంటాను. 35 ఎంఎం నెగటివ్‌ను చిన్న ప్రింటుగా వేస్తే కాలరు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. సెన్సర్ రంధ్రం అంతకన్నా పెద్దదైతే కాలరునూ పక్కనున్న కోటునూ కలిపి కొలుస్తుంది, తేడా తగ్గిపోతుంది, గ్రేడు ఎక్కువ చెబుతుంది. చిన్న ప్రింటు వేసేటప్పుడు నేను హెడ్‌ను పైకి లేపి, పెద్దదిగా చేసి తేడా మాత్రం కొలుచుకుంటాను. గ్రేడు తేలాక కిందికి దించి, ఎక్స్‌పోజర్ మళ్లీ కొలుస్తాను.

ఇంకొక సంగతి చాలామందిని ఏడిపిస్తుంది. 00 నుంచి 3½ దాకా ఫిల్టర్లకు స్పీడు ఒకటే అని పెట్టె మీద ఉంటుంది. అది మధ్య బూడిదకు మాత్రమే. మీరు తెల్లటి చోటును ఆధారంగా తీసుకుని సమయం పెడితే, గ్రేడు పెంచినప్పుడల్లా ఆ తెలుపు ఇంకా తెల్లబడిపోతుంది, సమయం పెంచాలి. కాబట్టి మీరు ఏ ఛాయను ఆధారంగా కొలుస్తారో నిర్ణయించుకుని, ఆ ఛాయకే అన్ని ఫిల్టర్లతో సవరింపు రాసుకోండి. గ్రేడుకొక సవరింపు దాచుకునే చోటు మీటరులో ఉంటే మంచిదే. లేకపోతే గోడకు అంటించిన అట్టముక్క చాలు, నాది పదేళ్లుగా అలాగే ఉంది.

మీటరుకు నేర్పడం ఇలా. స్టౌఫర్ టీ2115 లాంటి 21 మెట్ల వెడ్జ్ (మెట్టు మెట్టుకూ దట్టం పెరిగే ఫిల్మ్ పట్టీ) కొనండి, ఒక్కో మెట్టు అర స్టాపు. నెగటివ్ లేని ఎన్‌లార్జర్ వెలుగులో వెడ్జ్‌ను పేపరు మీద ఆనించి, ఒక్కో ఫిల్టర్‌తో ఒక్కో పట్టీ ప్రింటు చేయండి. ఆరాక మంచి వెలుతురులో చూడండి. పేపరు తెలుపు నుంచి విడిపడి కనిపించే మొదటి మెట్టు, పూర్తి నలుపులో కలిసిపోయే ముందు మెట్టు గుర్తుపెట్టండి. మధ్య మెట్లను సగం చేస్తే ఆ ఫిల్టర్ పరిధి స్టాపుల్లో వస్తుంది. మొదటి మెట్టు ఫిల్టర్ మారినప్పుడు ఎంత జరిగిందో చూస్తే సమయం సవరింపు కూడా వచ్చేస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. ఆరాక చూడమన్నది ఊరికే కాదు. తడి ప్రింటు ఆరితే ముదురుతుంది. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ పేపరులో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది, తెలుపుల్లోనే ముందు కనపడుతుంది.

మీటరు కొనే ముందే ట్రేల దగ్గర ఒక పద్ధతి ఉండాలి. ప్రింటు త్వరగా నల్లబడుతోందని టెన్షన్ పడి డెవలపర్ నుంచి ముందే లాగేస్తుంటే ఏ మీటరూ మిమ్మల్ని కాపాడలేదు. ఆర్‌సీ పేపరుకు మల్టీగ్రేడ్ డెవలపర్ 1+9లో (ఒక పాలు డెవలపర్, తొమ్మిది పాళ్లు నీళ్లు), 20 డిగ్రీల దగ్గర ఒక నిమిషం అంటే ఒక నిమిషమే. కరెంటు వోల్టేజీ కూడా చూసుకోండి. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు చాలా వేగంగా మారుతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు ముప్పై శాతం తగ్గుతుంది, అర స్టాపు పోయినట్టే, వెలుగు ఎర్రబడుతుంది కూడా. కొలిచినప్పుడు ఒక వోల్టేజీ, ప్రింటు వేసేటప్పుడు ఇంకోటి ఉంటే మీటరును తిట్టుకుంటూ కూర్చుంటాం. స్టెబిలైజర్ ముందు, మీటరు తర్వాత.

మీకు నా సలహా ఏమిటంటే, నేరుగా స్టాపుల్లో చూపే స్పాట్ మీటరు తీసుకోండి. స్టాపుల్లో నడిచే టైమరు దానికి తోడైతే ఇంకా బాగు. డబ్బు సరిపోతే ఛాయల దీపాలున్న ఎనలైజర్. వారానికి ఒకటో రెండో ప్రింట్లు చేసి, ఎక్కువగా సైజులు మారుస్తుంటే మాత్రం ఈఎం10 రకం చాలు, మిగిలిన డబ్బు పేపరుకు పెట్టండి. టెస్ట్ స్ట్రిప్ మానేయకండి. మీటరు చెప్పిన సమయం మధ్యలో ఉండేలా, మూడో వంతు స్టాపు తేడాతో మూడు పట్టీలు, ముఖం మీదుగా వెళ్లేలా వేయండి. మధ్యది 20 సెకన్లు అయితే పక్కవి 16, 25. అంతకుముందు ఏడెనిమిది పట్టీలు వేసేవారు కదా, పేపరు అక్కడే మిగులుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే కొనే ముందు ఒక పరీక్ష చేయండి. వెడ్జ్‌ను సెన్సర్ రంధ్రం మీద నేరుగా ఆనించి, ఎన్‌లార్జర్ వెలుగులో ఒక్కో మెట్టు జరుపుతూ చదవండి. అంకె ప్రతి మెట్టుకూ అర స్టాపు చొప్పున దిగాలి. పది పన్నెండు మెట్ల దాకా సమానంగా దిగి ఆ తర్వాత మొండికేస్తే దాని చూపు అంతవరకే. ఆ చోటు మీ ప్రింట్లలో తెలుపు పడే వెలుగు కన్నా కిందే ఉంటే తీసుకోండి, పైన ఉంటే వదిలేయండి. తర్వాత దట్టమైన మెట్టు నుంచి పలచటి మెట్టుకు, మళ్లీ వెనక్కి వచ్చి అదే అంకె ఎన్ని సెకన్లకు తిరిగి వస్తుందో చూడండి. మీ హెడ్‌లో ఎల్‌ఈడీ బల్బు ఉంటే మాత్రం పాత ఫిలమెంట్ బల్బు కింద ఎవరో రాసిచ్చిన పట్టిక వాడకండి. ఆ వెలుగులో నీలం, ఆకుపచ్చ పాళ్లు వేరు, ఫిల్టర్ పరిధులూ సమయాలూ అన్నీ మళ్లీ మొదటి నుంచి వెడ్జ్‌తో తీయాల్సిందే.